లూపును దాచిపెట్టకండి

మొన్న మా ఆఫీసుకు ఇంటర్న్‌షిప్ కోసం వచ్చిన ఒక అమ్మాయిని అడిగాను: ‘సర్వరులో ఎసింక్ ఎందుకు వాడతారు?’ (ఒక పని జవాబు కోసం ఆగినప్పుడు సర్వరు ఖాళీగా నిలబడకుండా మరో పని చూసుకునే పద్ధతి పేరు ఎసింక్.) ‘వేగం కోసం సార్’ అంది తడుముకోకుండా. ఆ రోజు ఉదయం నుంచి అదే ప్రశ్నకు అదే జవాబు చెప్పిన ఐదో మనిషి ఆమె. ఐదుగురూ హనుమకొండ చుట్టుపక్కల కాలేజీల్లో చదివినవాళ్లే, సర్వర్లు రాసే పనిముట్లయిన నోడ్‌లోనో ఫాస్ట్‌ఏపీఐలోనో ప్రాజెక్టు చేసినవాళ్లే. ‘వేగం అంటే, ఒక్క రిక్వెస్టు ముందుకంటే త్వరగా పూర్తవుతుందా?’ అంటే నలుగురు అవునన్నారు. ఈ అమ్మాయి మాత్రం కాసేపు ఆగి, ‘అవేట్ అని రాస్తే లోపల ఏం జరుగుతుందో నిజంగా నాకు తెలియదు సార్. రాయకపోతే పనిచేయదని మాత్రం తెలుసు’ అంది. (అవేట్ అంటే ‘ఇక్కడ జవాబు కోసం ఆగుతాను, ఈలోగా వేరేవాళ్ల పని చూడు’ అని కోడులో రాసే మాట.) ఆ అమ్మాయినే తీసుకున్నాం.

మిగతా నలుగురిని చూసి నవ్వే అర్హత నాకు లేదు. నాలుగేళ్ల కిందట నేనూ అదే జవాబు చెప్పేవాణ్ణి, కాకపోతే ఇంకొంచెం పెద్ద మాటలతో. ఒక మార్చి నెలలో, మిర్చి సీజను నడుమ, ఆ పెద్ద మాటలన్నీ నాకే ఎదురు తిరిగాయి. అప్పటి నుంచి ఒక అభిప్రాయం నాలో గట్టిపడుతూ వచ్చింది. ఈవెంట్ల మీద, అంటే సమాచారం వచ్చిందన్న కబురు అందినప్పుడల్లా కదులుతూ నడిచే సర్వరు రాయడం అంత కష్టమేమీ కాదు. కానీ ఆ ఈవెంట్లను ఒక్కొక్కటే తీసుకుని నడిపించే లూపు, అంటే ఆగకుండా తిరిగే చక్రం, ఎక్కడుందో తెలియకుండా రాయడం ప్రమాదం. ఎసింక్, అవేట్ అనే రెండు మాటలు మన పని తేలిక చేశాయి, నిజమే. చేస్తూ చేస్తూ లూపును తెర వెనక్కి నెట్టేశాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ముందు ఆ లూపునే చూపించాలని నా వాదన.

అరవై ఐదో ఫోను

మేము చేసింది చిన్న పనే. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో కొందరు అడ్తిదారుల ఎలక్ట్రానిక్ కాంటాలకు సిమ్ కార్డు ఉన్న చిన్న పెట్టెలు బిగించాం. బస్తా కాంటా మీద పడగానే తూకం మా సర్వరుకు వస్తుంది. తూకం వేసే దడవాయి పుస్తకంలో రాసుకునే అంకె, తెర మీద కనబడే అంకె ఒకటే కావాలి. అంతే.

మొదటి ఏడాది నలభై కాంటాలు. కనెక్షనుకు ఒక థ్రెడ్ (ఆ ఒక్క కనెక్షను పనే చూసే పనివాడు అనుకోండి) చొప్పున అరవై నాలుగు థ్రెడ్లు పెట్టుకుని హాయిగా నడిపాం. రెండో ఏడాది రైతుల కోసం ఒక పేజీ పెట్టాం. తన బస్తాలు ఒక్కొక్కటే తూగుతుంటే ఫోనులో చూసుకోవచ్చు. అక్కడ వచ్చింది చిక్కు. ఆ పేజీ తెరిచిన ఫోను కనెక్షను వదలదు. రైతు దాన్ని జేబులో పెట్టుకుని టీకి వెళ్తాడు, థ్రెడ్ మాత్రం అతని కోసం అక్కడే నిలబడి ఉంటుంది. ఆ రోజు ధర తేల్చే జెండా పాట అయిన అరగంటకల్లా కాంటాలకు పోగా మిగిలిన థ్రెడ్లన్నీ ఎవరో ఒకరి జేబులో ఇరుక్కునేవి. అరవై ఐదో కనెక్షనుగా వచ్చిన ఫోనుకు తెల్ల తెర. సర్వరేమో ఖాళీగా, చల్లగా ఉండేది.

పని తక్కువ, నిరీక్షణ ఎక్కువ అయిన ఇలాంటి చోటే ఈవెంట్ లూపు పుట్టింది. 1999లో డాన్ కెగెల్ అనే ప్రోగ్రామరు ఒకే యంత్రం మీద పది వేల మంది క్లయింట్లను మోయడం ఎలా అని రాసినప్పుడు అడిగింది ఈ ప్రశ్నే. ఇగోర్ సిసోయెవ్ 2002లో మొదలుపెట్టి 2004లో బయటికి విడుదల చేసిన ఎన్జినెక్స్ అనే వెబ్ సర్వరు దానికి ఒక జవాబు. ఒకే ప్రక్రియ వేల సాకెట్లను (కనెక్షన్ల కొసలను) ఎదురుగా పెట్టుకుని, ‘మీలో ఎవరి దగ్గర సమాచారం సిద్ధంగా ఉంది?’ అని ఆపరేటింగ్ సిస్టం గుండె అయిన కెర్నెల్‌ను అడుగుతుంది. చెయ్యెత్తినవాళ్ల పని చూస్తుంది, మళ్లీ అడుగుతుంది.

నిజం చెప్పాలంటే థ్రెడ్లను రెండు వేలకు పెంచినా మా పని జరిగేదేమో. థ్రెడ్‌కు ఎనిమిది మెగాబైట్ల స్టాక్ (సొంత మెమరీ) అని భయపెడతారు కానీ, లైనక్స్‌లో అది కేటాయించిన చిరునామాల లెక్క. వాడిన మేరకే అసలు మెమరీ ఖర్చవుతుంది. ఆ ప్రయోగం చేసి చూడకుండానే పైథాన్ భాషతో వచ్చే ఈవెంట్ లూపు, ఎసింక్‌ఐఓకి మారిపోయాం. అవసరం సగం, సరదా సగం. మారాక మాత్రం చూడముచ్చటగా ఉంది. ఒక్క ప్రక్రియ, మూడు వేల కనెక్షన్లు, చెప్పుకోదగ్గ బరువే లేదు. ఆ నెలంతా కనబడ్డవాళ్లందరికీ దాని గురించే చెప్పాను.

ఉదయం పదకొండు గంటలకు

మూడో ఏడాది మార్చిలో ఒక ఉదయం ఫోను. ‘తమ్ముడూ, కాంటా మీద బస్తా ఉంది, తెర మీద సున్నా ఉంది. దడవాయి తన పుస్తకమే నయం అంటున్నాడు’ అన్నారు ఒక అడ్తిదారు. వెంటనే ఇంకో ఫోను, ఇంకోటి. తెర తెరిచి చూస్తే కాంటాలన్నీ కట్టగట్టుకుని ఆఫ్‌లైనుకు వెళ్లాయి. ఒక నిమిషానికి అన్నీ తిరిగి వచ్చాయి. మళ్లీ పోయాయి.

ప్రాసెసర్ వాడకం చూశాను. ఇరవై ఐదు శాతం. సర్వరుకు ఏ లోటూ లేదు, తప్పు సిమ్ నెట్‌వర్కుది అని తీర్మానించి ఎవరెవరికో ఫోన్లు చేశాను. ఆ సర్వరుకు నాలుగు కోర్లు, అంటే ప్రాసెసరులో విడివిడిగా లెక్క చేసే నాలుగు భాగాలు. నాలుగింట్లో ఇరవై ఐదు శాతం అంటే ఒక కోరు ఊపిరాడక కొట్టుకుంటోంది, మిగతా మూడు గోళ్లు గిల్లుకుంటున్నాయి అని అర్థం. అది నాకు తట్టడానికి నలభై నిమిషాలు పట్టింది.

కారణం తక్‌పట్టీ, అంటే తూకం, డబ్బు లెక్క రాసి రైతుకిచ్చే చీటీ. అంతకుముందు రాత్రిపూట ఒకేసారి పీడీఎఫ్‌లు తయారుచేసేవాళ్లం. రైతులు చేతికి అప్పటికప్పుడే కావాలన్నారని ఆ వారమే మా సహోద్యోగి దాన్ని మార్చాడు. ఇప్పుడు తూకం ముగిసిన మరుక్షణం పీడీఎఫ్ తయారవుతుంది. తెలుగు అక్షరాలు, గుణింతాలు, పట్టిక, అడుగున క్యూఆర్ కోడు, అన్నీ కలిపి ఒక్కోదానికి ఒకటిన్నర సెకను. ఆ ఫంక్షనుకు ముందు అతను శ్రద్ధగా ఎసింక్ అని రాశాడు. పిలిచే చోట అవేట్ అని రాశాడు. నేను చూసి సరే అన్నాను.

ముందు ఎసింక్ అని బొట్టు పెట్టినంత మాత్రాన లోపలి పని ఎసింక్ అయిపోదు. ఆ ఫంక్షనులో ఎక్కడా నిరీక్షణ లేదు, మొత్తం లెక్కే. లూపు దాని చేతికి వెళ్లిందంటే ఒకటిన్నర సెకను తర్వాతే తిరిగి వస్తుంది. పదకొండు గంటలకు ఇరవై లాట్లు ఒక్కసారిగా ముగిస్తే ముప్పై సెకన్ల పాటు సర్వరు ఎవరికీ పలకదు. కాంటా పెట్టెలు పది సెకన్లకు ఒకసారి ‘ఉన్నావా?’ అని అడుగుతాయి. రెండుసార్లు జవాబు రాకపోతే కనెక్షను తెంపుకుని మళ్లీ కలుపుకుంటాయి. ఫోన్లదీ అదే తీరు. లూపు తేరుకునే సరికి వేల కొత్త కనెక్షన్లు ఒకేసారి తలుపు కొడుతున్నాయి. ప్రతి దానికీ గుప్తలిపి ఒప్పందం మొదటి నుంచి జరగాలి, అదీ ఇదే లూపులో, ఇదే కోరు మీద. అది అయ్యేలోపు ఇంకొందరి ఓపిక నశిస్తుంది. అలా పోతూ వస్తూ, పోతూ వస్తూ మధ్యాహ్నం దాకా సాగింది.

సాయంత్రం క్షమాపణ చెప్పుకోవడానికి ఆ అడ్తిదారు దగ్గరికి వెళ్లాను. ఏం జరిగిందో వీలైనంత తేలిక మాటల్లో చెప్పాను. ఆయన విని, ‘మా గుమాస్తా లాగా అన్నమాట’ అన్నారు. ‘ఒక్కడే పది లాట్లు చూసుకుంటాడు. ఎక్కడ కాంటా అయితే అక్కడికి పరుగెత్తుతాడు. ఒక రైతు తాలు ఎక్కువ తీశారని తగువు పెట్టుకుని వీణ్ణి పట్టుకున్నాడనుకో, మిగతా తొమ్మిది మందీ వచ్చి నా మీద పడతారు.’ అప్పుడు మీరేం చేస్తారన్నాను. ‘తగువు పడేవాణ్ణి నేను పక్కకు తీసుకెళ్తాను, గుమాస్తాను వదిలేస్తాను.’

మర్నాడు మేం చేసిన దిద్దుబాటు అంతకంటే ఏమీ లేదు. పీడీఎఫ్ పనిని వేరే ప్రక్రియలకు తరలించాం. థ్రెడ్‌కు తరలిస్తే, ఒకసారికి ఒకే థ్రెడ్‌ను నడవనిచ్చే పైథాన్ తాళం దగ్గర మళ్లీ లూపుతోనే పెనుగులాడేది. తెగిన పెట్టెలన్నీ ఒకే క్షణాన తిరిగి రాకుండా, ఒక్కొక్కటి తోచినంత సేపు ఆగి రావాలని మార్చాం. ఐదేళ్ల అనుభవమున్న నాకు నలభై నిమిషాలు పట్టిన సంగతి, కంప్యూటర్ ముట్టని మనిషికి రెండు నిమిషాల్లో అర్థమైంది. ఆయనకు తన గుమాస్తా రోజూ కళ్ల ముందే కనబడతాడు. నాకు నా లూపు కనబడలేదు.

ట్విస్టెడ్ చివరి వరుస

నేను మొదట నేర్చుకున్నది ట్విస్టెడ్. పైథాన్‌లో ఈవెంట్ల మీద సర్వర్లు రాయడానికి 2000ల మొదట్లోనే వచ్చిన ఫ్రేమ్‌వర్కు అది. ఎసింక్‌ఐఓ పైథాన్ 3.4తో 2014లో వచ్చింది, అవేట్ 3.5తో 2015లో వచ్చింది. అంటే దాదాపు పన్నెండేళ్లు జనం జవాబు వచ్చాక పిలవమని ఇచ్చే కాల్‌బ్యాక్‌లతో, తప్పు జరిగితే పిలవమని ఇచ్చే ఎర్‌బ్యాక్‌లతో, డిఫర్డ్ అనే వింత వస్తువుతో కుస్తీ పట్టారు. చదవడానికి ఆ కోడు ఎంత వికారంగా ఉండేదో చెప్పలేను. ఒక పని ఐదు ముక్కలై ఐదు ఫంక్షన్లలో పడి ఉండేది. ఎక్కడో ఒక దోషం జరిగితే దాని అడుగుజాడ సగంలో చెరిగిపోయేది.

అయితే ట్విస్టెడ్ ప్రోగ్రాముకు ఒక చివరి వరుస ఉండేది: రియాక్టర్ డాట్ రన్ (రియాక్టర్ అంటే ట్విస్టెడ్ లోపలి లూపే). దాని తర్వాత మన చేతిలో ఏమీ లేదని ఆ వరుస చెప్పేది. ఇక పిలిచేది రియాక్టర్, పలికేది మనం. ప్రతి ఫంక్షనూ ‘నన్ను పిలిచారు, పని చూసుకుని వెంటనే వెళ్లిపోవాలి’ అనే భయభక్తులతో రాసేవాళ్లం. ఫంక్షను ముగిసిందంటే లూపుకు తిరిగి వెళ్లినట్టే. ఆ సరిహద్దు కంటికి కనబడేది. వికారంగానే, కానీ కనబడేది.

నోడ్‌లో ఆ వరుస కూడా లేదు. ఫైలు చివరికి రాగానే లూపు దానంతట అదే మొదలవుతుంది. 2009లో ర్యాన్ డాల్ తాను తయారుచేసిన నోడ్‌ను జనానికి చూపించినప్పుడు ఆకర్షించిన గుణాల్లో అదొకటి. ఆ తర్వాత అవేట్ వచ్చి, ముక్కలైన పనిని మళ్లీ పైనుంచి కిందికి చదువుకునేలా కుట్టింది. మామూలు కోడు లాగే కనబడుతుంది. చిక్కంతా ఆ ‘లాగే’లో ఉంది. పదిహేను వరుసల ఫంక్షనులో మూడు అవేట్‌లు ఉంటే, ఆ మూడు చోట్ల మాత్రమే మిగతా వేల మందికి ఊపిరాడుతుంది. మధ్యలో ఉన్నంత సేపూ అందరి గొంతూ మన చేతిలోనే. ఇది కోడు చదివేవాడి కంటికి తగలదు. ఒక చిన్న హెచ్‌టీటీపీ పిలుపు, పాత రిక్వెస్ట్స్ లైబ్రరీతో, గడువు పెట్టకుండా రాశారనుకోండి. మామూలు రోజుల్లో ఎనభై మిల్లీసెకన్లు. అవతలి ఎస్సెమ్మెస్ గేట్‌వే మొరాయించిన రోజు? ఆ లైబ్రరీకి దానంతట దానికి గడువు లేదు. మన సర్వరు మొత్తం ఆ గేట్‌వే గుమ్మంలో పడిగాపులు కాస్తుంది.

హైదరాబాదు మిత్రుడి పోట్లాట

ఈ మాటలన్నీ ఫోనులో వినిపిస్తే హైదరాబాదులో ఉన్న మిత్రుడొకడు ఊరుకోలేదు. అతని వాదన బలమైనదే. ‘బస్సు ఎక్కేవాడికి ఇంజిను సంగతి ఎందుకు? పైగా ఆ ఇంజినే పాతబడింది. గో భాషలో రాయి, లేదా జావా 21లో బరువు లేని వర్చువల్ థ్రెడ్లు వచ్చాయి కదా. కనెక్షనుకు ఒకటి చొప్పున లక్ష పెట్టుకో. నిరీక్షణ సంగతి భాషతో వచ్చే రన్‌టైము చూసుకుంటుంది. నువ్వు పిల్లలకు పోయిన తరం జబ్బుకు మందు నేర్పుతున్నావు.’

బస్సు పోలిక నాకు నచ్చలేదు. ఇక్కడ ఎక్కినవాళ్లందరూ వంతులవారీగా స్టీరింగు పట్టుకుంటారు, ఒక్కడు వదలకపోతే బస్సంతా ఆగిపోతుంది. రెండో మాటకు మాత్రం వెంటనే జవాబు దొరకలేదు. గోను లోకానికి ప్రకటించినదీ, నోడ్‌ను బెర్లిన్‌లో చూపించినదీ 2009 నవంబరులోనే. ఒకే సమస్యకు ఒకే నెలలో రెండు వ్యతిరేక దారులు. గో కింద కూడా లైనక్స్ మీద ఉన్నది ఎపోలే, అంటే ఎవరు సిద్ధంగా ఉన్నారని కెర్నెల్‌ను అడిగే పిలుపే. కానీ 2020లో వచ్చిన గో 1.14 నుంచి, పని వదలకుండా కూర్చున్న గోరొటీన్‌ను (గోలోని తేలికపాటి థ్రెడ్‌ను) రన్‌టైమే మెడ పట్టి లేపగలదు. మా తక్‌పట్టీ గోలో ఉండి ఉంటే ఆ మార్చి ఉదయం మాకు వచ్చేది కాదు. ఇది ఒప్పుకోక తప్పదు. రేపు కొత్తగా మొదలుపెడితే గోలో రాస్తానా అంటే, బహుశా రాస్తాను.

అయినా పూర్తిగా లొంగలేదు. హనుమకొండలో నా గుమ్మం ఎక్కే పిల్లలు జావాస్క్రిప్టు, పైథాన్ తెచ్చుకుంటున్నారు. వాళ్ల చేతిలో ఉన్నది ఆ లూపే. ఇంకొకటి, నిరీక్షణ ఎక్కడికీ మాయం కాదు, చోటు మార్చుకుంటుంది. లక్ష వర్చువల్ థ్రెడ్లు పెట్టుకున్నా వెనక పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో కనెక్షన్ల పరిమితి మార్చకపోతే వందే. తలుపు దగ్గరి వరుస తీసుకెళ్లి వంటింటి గుమ్మంలో పెట్టినట్టు. ఎవరు ఎక్కడ, దేనికోసం నిలబడ్డారో చూడటం తెలియనివాడికి ఏ భాష ఇచ్చినా ఆ రెండో వరుస కనబడదు.

ఇక్కడ నా మీద నాకే ఒక అనుమానం ఉంది. నేను కష్టపడి నేర్చుకున్నాను కాబట్టి వీళ్లూ కష్టపడాలనే ముసలి బుద్ధి ఇందులో ఎంత? అసెంబ్లీ రాకుండా సీ ఏమిటన్నవాళ్లను చూసి మేమూ నవ్వాం కదా. కొంత ఉందేమో. అందుకే రెండు రోజులకు మించి ఎవరినీ బాధపెట్టకూడదని నియమం పెట్టుకున్నాను.

రెండు రోజులు, ఏ ఫ్రేమ్‌వర్కూ లేకుండా

కొత్తగా చేరిన అమ్మాయికి మొదటి పని అదే ఇచ్చాను. ఫ్రేమ్‌వర్కు వద్దు, అవేట్ వద్దు. సాకెట్లు, ఎవరు సిద్ధమో కెర్నెల్‌ను అడిగే పాత పిలుపు సెలెక్ట్, ఆగకుండా తిరిగే ఒక వైల్ లూపు. కాంటా పెట్టె పంపే తూకం తీసుకుని, చూస్తున్న ఫోన్లందరికీ పంపే సర్వరు రాయాలి. మొదటి రోజు సాయంత్రానికి డెబ్బై వరుసల్లో రాసింది, నడిచింది. అప్పుడు నేను తూకాన్ని ఒక్కో అక్షరం చొప్పున ఆగి ఆగి పంపే చిన్న స్క్రిప్టు నడిపాను. నలభై ఏడు కిలోల మిర్చి బస్తా ముందు నాలుగు కిలోలుగా, తర్వాత ఏడు కిలోలుగా నమోదైంది. తెర వంక చూసి, ‘సగం మాట వస్తే దాచుకోవాలా సార్?’ అంది. ప్రతి కనెక్షనుకూ సగం మాటలు దాచే సంచి ఒకటి పుట్టింది.

రెండో రోజు ఆమే సెలెక్ట్ మీద వెయ్యిన్ని వంద కనెక్షన్లు వదిలింది. ముందు ఒక ప్రక్రియ తెరవగల ఫైళ్ల పరిమితి అడ్డొచ్చింది. దాన్ని పెంచితే 1024 దగ్గర సెలెక్టే ఒప్పుకోలేదు. ఎపోల్‌కు మార్చాక నడిచింది. మధ్యాహ్నం నేను ఏమీ చెప్పకుండా ఆమె హ్యాండ్లరులో (వచ్చిన సమాచారం పని చూసే ఫంక్షనులో) ఐదు సెకన్లు ఊరికే ఆగే స్లీప్ పెట్టి పక్కన కూర్చున్నాను. నాలుగు కిటికీల్లో నాలుగు క్లయింట్లు తెరుచుకుని ఉన్నాయి. ఒకదానిలో ఎంటర్ కొట్టగానే నాలుగూ బిగుసుకుపోయాయి. ‘నేను కొట్టింది ఒక్క దానిలోనే కదా’ అంది. ఐదు సెకన్లయ్యాక నాలుగూ కదిలాయి. అప్పుడు ఆమె తన వైల్ లూపు మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ, స్లీప్ దగ్గర ఆపింది. నేనేమీ చెప్పాల్సిన పని పడలేదు.

ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్న నేను అనుకోనిది. ‘పంపినప్పుడు అవతలివాడు తీసుకోకపోతే?’ అదే ప్రశ్న నేను అడగకపోవడం వల్ల ఒక రాత్రంతా జాగారం చేశాను. నెట్‌వర్కు సరిగా అందని ఊళ్లలో పేజీ తెరిచి వదిలేసిన ఫోన్లకు మేం తూకాలు రాస్తూనే ఉన్నాం. థ్రెడ్ అయితే అవతల తీసుకునే దాకా అక్కడే ఆగిపోయేది, ఆ ఆగడమే ఒక రక్షణ. ఎసింక్‌ఐఓలో రాయమనగానే సరే అంటుంది, వెళ్లనిదంతా మన మెమరీలో పేర్చుకుంటుంది. పేరుకున్నది అరవై నాలుగు కిలోబైట్లు దాటితే కాస్త ఆగమని చెప్పే ఏర్పాటు దానిలో ఉంది. కానీ డ్రెయిన్ అని పిలిచి వేచి చూసినవాడికే ఆ మాట వినబడుతుంది. మేం పిలవలేదు. తెల్లవారుజామున రెండు గంటలకు మెమరీ నిండి సర్వరు కూలింది. ఈ కథ చెప్పాక ఆమె తన సర్వరులో, మెల్లగా తీసుకునే ఫోనుకు పాత తూకాలు పారేసి ఆఖరిది మాత్రమే పంపే ఏర్పాటు చేసింది. మా అసలు సర్వరులో ఇప్పటికీ అది లేదు. ఉండాలి.

మూడో రోజు ఆమెకు అవేట్ తిరిగి ఇచ్చేశాం. పోయిన వారం కోడు సమీక్షలో, మార్కెట్ ధరల ఫైలును చదివి విడదీసే ఒక వరుస దగ్గర ఆగింది. రాసింది నేనే. ‘ఇది ఎంతసేపు పట్టుకుంటుంది సార్?’ అంది. వేగం గురించి అడగలేదు, పట్టుకోవడం గురించి అడిగింది. తెలియదన్నాను. ఇద్దరం కూర్చుని కొలిచాం. నలభై మిల్లీసెకన్లు. ఎసింక్‌ఐఓ డీబగ్ పద్ధతిలో నడిపితే వంద మిల్లీసెకన్లు దాటినవాటినే పట్టి చూపిస్తుంది కాబట్టి ఇది మాకెప్పుడూ కనబడలేదు. ప్రస్తుతానికి వదిలేద్దామన్నాను. సరేనంది కానీ, గోడ మీది బోర్డులో ఒక మూలన ‘ధరల ఫైలు, 40, మిర్చి వచ్చాక మళ్లీ కొలవాలి’ అని రాసి పెట్టింది.